నూట యాభై వాట్ల నాంచారమ్మ

మా కార్యాలయానికి ఐదు నక్షత్రాల ప్రశంసాపత్రం వచ్చింది. అధికారి గారి కుర్చీ వెనక గోడకి, సరిగ్గా ఏసీ గాలి తగిలే చోట, ఫ్రేము కట్టించి వేలాడదీశారు. అది ఎలా వచ్చిందో రాసిపెట్టమని నన్నెవరూ అడగలేదు. అయితే ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగనివి రాయడమే నా ఉద్యోగం గనక ఇదీ రాస్తున్నాను.

మాది ధ్రువీకరణల కార్యాలయం. మనిషి పుట్టాడని, ఫలానా ఊరివాడని, ఇంకా బతికే ఉన్నాడని కాగితం ఇవ్వడం మా పని. నా పేరు బసవపున్నయ్య, సీనియర్ అసిస్టెంటుని. మొన్నమొన్నటిదాకా మేము ఒక పాత పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, వేసవి రాగానే కిటికీలకి వట్టివేళ్ళ తడికలు. అటెండరు ఏసోబు గంటకోసారి వాటి మీద నీళ్ళు చల్లేవాడు. పల్నాడు ఎండల్లో బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటుంటే లోపల మాకు హాయిగా కునుకు పట్టేది. ఆ ఇల్లు ఇంధన పొదుపు ప్రమాణాలకు తగినట్టు లేదని పైవాళ్ళు తేల్చారు. ప్రమాణాల పట్టికలో తడికలకి గడి లేదు మరి.

అందుకని మమ్మల్ని ఊరి మధ్యలో కొత్తగా కట్టిన వాణిజ్య సముదాయంలోకి, మూడో అంతస్తుకి మార్చారు. నాలుగు వైపులా అద్దాలే. పొద్దున తూర్పు నుంచి, సాయంత్రం పడమటి నుంచి సూర్యభగవానుడు తిన్నగా టేబుళ్ళ మీదికి వచ్చి కూర్చుంటాడు. లోపలికి వచ్చిన ఆ ఎండని చల్లబరచడానికి అత్యంత పొదుపైన యంత్రాలు పెట్టారు.

యంత్రాల వెనకే నిశ్చల్ అనే సలహాదారు దిగాడు. పాతికేళ్ళవాడు, మాట్లాడేటప్పుడు తప్ప ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. మొదటి సమావేశంలో తెర మీద ఒక మనిషి బొమ్మ, పక్కనే ఒక బల్బు బొమ్మ చూపించాడు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి నూరు వాట్ల వేడి వస్తుందట, నిలబడి వాదించే మనిషి నుంచి నూట యాభై. ఎండనైతే అద్దాలు ఆపగలవు గానీ మనుషుల్ని ఆపే అద్దం ఇంతవరకూ రాలేదని విచారం ప్రకటించాడు.

మా అధికారి గరుడాచలం గారు చాలాసేపు ఆ బల్బు వంక చూశారు. "అంటే ఇన్నేళ్ళూ మనం ప్రజాసేవ పేరుతో పట్టపగలు బల్బులు వెలిగించుకుంటున్నామన్నమాట" అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయమందలి మానవ ఉష్ణభారము ఏ క్షణమునందైనను నాలుగు వేల వాట్లకు మించరాదు." సిబ్బంది ముప్పై నాలుగు మంది. మనిషికి నూరు చొప్పున తీసేస్తే మిగిలింది ఆరు వందలు. అంటే ప్రజల్లోంచి ఒకేసారి ఆరుగురు శాంతమూర్తులు గానీ నలుగురు కోపిష్ఠులు గానీ లోపలికి రావచ్చు. అధికారి గారి వేడిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ఉత్తర్వు చివర ఒక వివరణ ఉంది. విధాన నిర్ణయాలు చేసేవారి నుంచి వెలువడేది వేడి కాదట, శక్తి అట.

గుమ్మం మీద ఒక కెమెరా బిగించారు. దాని ముందు మనిషి నిలబడితే ఒంటి వేడి కొలిచి పక్కనున్న తెర మీద వాట్లలో చూపిస్తుంది. మొదటిరోజు సిబ్బందినంతా నిలబెట్టి చూశారు. సూపరింటెండెంటు గారు స్థూలకాయులు, నూట ముప్పై చూపించారు. ఆయన్ని వెంటనే క్షేత్రస్థాయి విధులకు పంపారు. క్షేత్రమంటే ఎదురుగా ఉన్న కాఫీ హోటలు. అందరిలోకీ తక్కువ నాది, ఎనభై రెండు. గరుడాచలం గారు నా భుజం తట్టి, ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో దేనికీ చలించకుండా ఉంటే తప్ప ఇది సాధ్యం కాదని అందరికీ నన్ను ఆదర్శంగా చూపించారు. నన్ను ఉష్ణభార నమోదు అధికారిగా నియమించి గుమ్మం పక్కన టేబులు, ఒక పొడవాటి రిజిస్టరు ఇచ్చారు. వచ్చినవాళ్ళ పేరు, వేళ, వాట్లు రాయాలి. నేను పొంగిపోయానని ఒప్పుకుంటాను. నా కదలని గుణాన్ని అంతకుముందు మా ఇంట్లో కూడా ఎవరూ మెచ్చుకోలేదు.

తరవాత ఒకదాని వెనక ఒకటి సంస్కరణలు వచ్చాయి. వేడి టీ పైకి రాకూడదన్నారు. ఏసోబు కింద మెట్ల దగ్గరే చల్లార్చి తెచ్చేవాడు. అన్నం క్యారియర్లు మూతలు తీసి మెట్ల మీద వరసగా పెట్టి, ఆవిరి పోయాక లోపలికి తీసుకునేవాళ్ళం. కరెంటు ఆదా కోసం లిఫ్టు ఆపేశారు. దాంతో జనం మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ, నూట అరవై, నూట డెబ్భై వాట్లతో గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. అలాంటివాళ్ళ కోసం మెట్ల మలుపులో రెండు బెంచీలు వేయించి "చల్లబడు స్థలము" అని బోర్డు పెట్టారు. టోకెను పదిహేను నిమిషాలు చెల్లుతుంది. మనిషి చల్లబడడానికి అరగంట పడుతుంది. ఈ రెండు సంగతులూ వేరువేరు ఉత్తర్వుల్లో ఉండడం వల్ల ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇలాంటి రోజుల్లో ఒక సోమవారం వేముల నాంచారమ్మ వచ్చింది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. చేతిలో కర్ర, చంకలో సంచి. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి శుక్లం ముదిరింది. పక్క పట్టణంలో ధర్మాసుపత్రివాళ్ళు ఏడాదికోసారి పెట్టే కళ్ళ శిబిరంలో ఆమెకి ఆపరేషన్ ఖాయమైంది. మరుసటి వారం శుక్రవారం పదకొండింటికి మా సముదాయం ముందు నుంచే శిబిరం బస్సు బయలుదేరుతుంది. తీరా పేరు రాయించుకోబోతే ఆమె ఆరోగ్య కార్డు చెల్లదన్నారట. కార్డు ప్రకారం ఆమె చనిపోయింది. చనిపోయినవాళ్ళకి కంటి ఆపరేషన్ చేసే ఏర్పాటు పథకంలో లేదు. ఆమె స్వయంగా మా అధికారి ముందు హాజరై, సజీవత్వ ధ్రువీకరణ తీసుకుంటే తప్ప బస్సెక్కనివ్వరు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆమెని చంపింది నేనే.

ఏటా కార్డుదార్ల జాబితా వస్తుంది. బతికున్నవాళ్ళ పేరుకి నీలం టిక్కు, పోయినవాళ్ళ పేరుకి ఎర్ర టిక్కు పెట్టి సాయంత్రం అయిదింటిలోగా పంపాలి. మాకు నెలకి ఒక నీలం పెన్ను, ఏడాదికి ఒక ఎర్ర పెన్ను ఇస్తారు. ఆ రోజు జాబితాలో ఆఖరి పేరు దగ్గరికి వచ్చేసరికి నీలం పెన్నులో సిరా అయిపోయింది. పక్కవాణ్ణి అడుగుదామంటే పెన్ను ఇస్తే తిరిగిరాదని మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఇవ్వరు. టైము నాలుగూ యాభై ఎనిమిది. ఖాళీగా వదిలితే జాబితా తిరిగి వస్తుంది. ముందు ఏదో ఒక టిక్కు పెట్టి పంపేస్తే తరవాత చూసుకోవచ్చన్నది మా సెక్షన్‌లో పూర్వం నుంచీ వస్తున్న పద్ధతి. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను. మర్నాడు సరిదిద్దుదామనుకున్నాను. దిద్దాలంటే తప్పు నాదని రాసి సంతకం పెట్టాలి. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఊరుకున్నాను.

ఆ ఆఖరి పేరు ఇప్పుడు కర్ర పట్టుకుని నా టేబులు ముందు నిలబడింది. తెర నూట యాభై రెండు చూపించింది. లోపల అప్పటికే ఐదుగురు ప్రజలున్నారు. మిగిలింది నూరు వాట్లే. నేను కాస్త మర్యాదగానే చెప్పాను.

"మామ్మా, ఆ బెంచీ మీద శాంతంగా కూర్చోండి. నూరుకి దిగగానే పంపిస్తాను."

"సచ్చానని రాసినోళ్ళ గుమ్మం ముందు శాంతంగా ఎట్టా కూచోమంటావయ్యా?" అంది.

రిజిస్టరులో రాసుకున్నాను: వేముల నాంచారమ్మ, పదీ నలభై, నూట యాభై రెండు.

ఆమె బెంచీ మీద కూర్చునేది. విసురుకుని విసురుకుని నూట పదికి దిగేది. ఇంకో పది దిగేలోపు టోకెను చెల్లదని ఏసోబు వచ్చి చెప్పాల్సి వచ్చేది. ఆ మాటతో మళ్ళీ నూట యాభై దాటేది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర పూజారికి కూడా అభ్యంతరం లేదు, ఆ కెమెరా ఒక్కటే ఒప్పుకోలేదు. ఏసోబు ఒకసారి నా చెవిలో, ముసలామె నిలబడలేకపోతోందనీ, కళ్ళు మూసుకుని ఒక తొంభై రాసేస్తే పోలేదా అనీ అన్నాడు. అంకెలు తప్పు రాయడం నా వల్ల కాదన్నాను. ఏసోబు నా వంక అదోలా చూసి వెళ్ళిపోయాడు. ఎర్ర టిక్కు సంగతి వాడికి తెలియదు గానీ, తెలిసినట్టే ఉంది ఆ చూపు.

మా వైపు మిరపకాయలు దాచే శీతల గిడ్డంగిని జనం ఏసీ అంటారు. నాంచారమ్మ ముప్పై ఏళ్ళు ఒక ఏసీ ముందు కూర్చుని కాయలకి తొడిమలు తీసిందట. నాలుగో రోజు బెంచీ మీద కూర్చుని నాతో ఆ ముచ్చట చెప్పింది.

"ఆడా ఇంతేనయ్యా. కాయ చెడుద్దని లోపల సల్లగా పెట్టేవోళ్ళు. మేము బయట ఎండలో. ఈడ లోపల ఏం చెడుద్దని ఇంత సల్లగా పెట్టుకున్నారు?"

లోపల చెడేది నక్షత్రాల కోసం మేము పెట్టుకోబోయే దరఖాస్తేనని చెప్పకుండా రిజిస్టరులోకి తల దించాను.

రెండో వారం మరో మార్పు జరిగింది. మెట్ల మీద జనం వేడి కూడా గోడల్లోంచి లోపలికి పాకుతోందని నిశ్చల్ కనిపెట్టాడు. వరసని కిందికి, సముదాయం వెనక్కి మార్చారు; వంతు వచ్చినవాళ్ళే నా కెమెరా ముందుకి ఎక్కి రావాలి. ఏసీ యంత్రాల బయటి పెట్టెలు పన్నెండు అక్కడే ఉన్నాయి. మా గదుల్లోంచి లాగిన వేడినంతా ఆ పన్నెండు పెట్టెలూ బుసలు కొడుతూ వరస మొహాన ఊదేవి. మూడో అంతస్తులో మేము స్వెట్టర్లు వేసుకున్నాం. కింద జనం గొడుగులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు, ఎండకి కాదు, మా గాలికి.

నాంచారమ్మ మాత్రం ఒకరోజు చూసి, మర్నాడు ఇంటి నుంచి రెండు గంపల పచ్చిపచ్చిగా ఉన్న చివరి కోత మిరపకాయలు తెప్పించింది. పాత చీర పరిచి, పెట్టెల ముందు ఆరబోసింది. వారం పైన పట్టే కాయ రెండు రోజుల్లో గలగలలాడింది. "ఎటూ నిలబడాల. గాలి ఊరికే పోతంది" అందట ఏసోబుతో. మిగతావాళ్ళూ అప్పడాలు, వడియాలు తెచ్చారు.

గరుడాచలం గారు అద్దంలోంచి కిందికి చూసి, ప్రభుత్వ వేడి దుర్వినియోగం అవుతోందని మండిపడ్డారు. సంజాయిషీ నోటీసు రాయమని నాకు చెప్పారు కూడా. సరిగ్గా అప్పుడే నిశ్చల్ దరఖాస్తు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నక్షత్రాలిచ్చే మండలివారి పత్రంలో పదిహేడో గడి "తాపన విధానము". భవనాన్ని వెచ్చబరచడానికి ఏ పొదుపు పద్ధతి వాడుతున్నారో రాయాలి. ఆ పత్రం ఏ మంచు దేశంలో తయారైందో గానీ, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఉంటే ఒక నక్షత్రం పోతుంది. మే నెలలో పల్నాడులో దేన్ని వెచ్చబరచాలో తోచక వాళ్ళు వారం నుంచీ తల పట్టుకున్నారు. రెండు హీటర్లు తెప్పించి కొన్నాళ్ళు వేసి, తరవాత ఆపేసి, నూటికి నూరు శాతం పొదుపు చూపిద్దామన్న ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

గరుడాచలం గారు మళ్ళీ కిందికి చూశారు. ఈసారి ఆయన మొహం విచ్చుకుంది. "పదిహేడో గడిలో రాయండి. వృథా ఉష్ణ పునర్వినియోగము ద్వారా గ్రామీణ మహిళా సాధికారత" అన్నారు.

లబ్ధిదారు పేరు ఒకటి కావాలన్నాడు నిశ్చల్. వరసలో పదిమంది ఉన్నారు. నేను వేముల నాంచారమ్మ అని రాసి, కార్డు నంబరు కూడా వేశాను. ధైర్యం లేనివాడు తప్పు ఒప్పుకోడు, ఫైలు చేత ఒప్పిద్దామని చూస్తాడు. నేను చూసింది అదే.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మండలి పరిశీలకురాలు వైదేహి గారు వచ్చారు. ఆ రోజును గరుడాచలం గారు ఉష్ణభార రహిత దినంగా ప్రకటించి, సిబ్బందినంతా కింద సైకిళ్ళ షెడ్డులో కూర్చోబెట్టారు. లోపల ఆయన, నిశ్చల్, రిజిస్టరుతో నేను. ముప్పై నాలుగు ఖాళీ కుర్చీల మధ్య చల్లగాలి వీస్తోంది. వైదేహి గారు రెండుసార్లు తిరిగి చూసి, ఇంత సమర్థంగా నడుస్తున్న కార్యాలయం తన సర్వీసులో చూడలేదనీ, పని జరుగుతున్న ఛాయలే లేవనీ మెచ్చుకున్నారు. గరుడాచలం గారు వినయంగా తల వంచారు.

పదిహేడో గడి దగ్గర ఆమెకి మరీ ముచ్చటేసింది. లబ్ధిదారు కార్డు నంబరు తన చేతిలోని ఎలక్ట్రానిక్ పలకలో నొక్కి చూశారు. తరవాత కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"ఈమె ఆర్నెల్ల కిందట మరణించినట్టుంది. మరణించినవారు లబ్ధిదారులు కాజాలరు."

గరుడాచలం గారు ఆమెని అద్దం దగ్గరికి తీసుకెళ్ళి కిందికి చూపించారు. నాంచారమ్మ వంగి కాయలు తిరగేస్తోంది. కంటికి కనబడడం రుజువు కాదని, రికార్డు కావాలని వైదేహి గారు అన్నారు. గరుడాచలం గారు నా వైపు తిరిగారు. ఒక మనిషి బతికి ఉండాలని ఆయన అంతగా కోరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను రిజిస్టరు తెరిచి పెట్టాను. సోమవారం నూట యాభై రెండు. మంగళవారం నూట యాభై ఆరు. అలా తొమ్మిది పనిదినాలు, తొమ్మిది అంకెలు, ఏదీ నూట యాభైకి తగ్గలేదు. ఆమె బతికి ఉందని ఒప్పుకున్న ప్రభుత్వ దస్తావేజు దేశం మొత్తానికి అదొక్కటే.

వైదేహి గారు పేజీలు శ్రద్ధగా చదివారు. శవం నుంచి ఇంత ఉష్ణం వెలువడే అవకాశం లేదు గనక ప్రాథమిక సాక్ష్యంగా స్వీకరిస్తామన్నారు. అయితే రిజిస్టరులోని వ్యక్తి, కింద ఉన్న వ్యక్తి ఒకరేనని సరిపోల్చాలట. ఇక్కడ తన సమక్షంలో అంకె నూట యాభైకి తగ్గకుండా రావాలట. లేకపోతే పదిహేడో గడి ఖాళీయే.

గరుడాచలం గారు లిఫ్టు వేయించారు. ఏసోబు నాంచారమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అధికారి గారి గదిలో, ఆయన ఎదురు కుర్చీలో, ఆయనే స్వయంగా కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చారు. ఆ గదిలో కూడా ఒక కెమెరా, తెర ఉన్నాయి. అప్పటికి పదీ ఇరవై.

ఆమె నీళ్ళు తాగి, కర్ర ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. "అబ్బ. ముప్పై ఏళ్ళు ఏసీ ముందర కూచున్నా గానీ లోపల ఇంత హాయిగా ఉంటదని తెలవదయ్యా" అంది. మొహంలో ముడతలన్నీ వదులయ్యాయి. తెర మీద తొంభై రెండు వచ్చింది.

గరుడాచలం గారికి చెమట పట్టింది. కార్యాలయంపై తమకు గల ఆగ్రహాన్ని సంకోచం లేకుండా వ్యక్తపరచవలసిందిగా ఆమెని అభ్యర్థించారు. ఎందుకయ్యా, ఇంత మర్యాద చేస్తిరి అందామె. తొంభై. తొమ్మిది రోజులు తిప్పించాం కదా అని గుర్తుచేశారు. పోనీలే, ఇవాళ పిలిచారుగా అంది. ఎనభై ఎనిమిది. మిరపకాయలు తీసేయిస్తానని బెదిరించి చూశారు. అప్పటికే ఎండిపోయినయ్యి, మీకూ ఒక వీశెడు ఇస్తానంది. ఎనభై ఆరు. కింద శిబిరం బస్సు వచ్చి ఆగి, ఒకసారి హారను కొట్టింది. ఆమె తల ఎత్తి కిటికీ వైపు తిప్పింది. కాగితం వచ్చేసినట్టేననుకుంది పాపం, మా మొహాలు ఆమెకి కనపడవు. వైదేహి గారు పలక మూయబోయారు.

పదీ నలభై ఐదు. ఆ బస్సు పోతే మళ్ళీ ఏడాదికి. అప్పటికి ఆ ఎడమకన్ను ఉండదు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నోరు మూసుకుని ఇంకో నిమిషం నిలబడితే మిగిలిన ఎనిమిది నెలలూ సుఖంగా గడిచిపోతాయి. ఇరవై తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. ఆమె కుర్చీ పక్కకి వెళ్ళాను.

"మామ్మా, మీరు చనిపోయారని రాసింది నేనే" అన్నాను.

ఆమె మొహం నా గొంతు వైపు తిప్పింది.

"నీలం పెన్నులో సిరా అయిపోయింది. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేశాను. తప్పని అప్పుడే తెలుసు. దిద్దితే నాకు మాట వస్తుందని దిద్దలేదు. ఈ తొమ్మిది రోజులూ మీ పేరు రాస్తున్నప్పుడు కూడా తెలుసు."

తెర మీద తొంభై ఏడు వచ్చింది. తరవాత నూట పద్దెనిమిది.

"సిరా లేక సంపావా నన్ను?" అంది మెల్లగా. నూట ముప్పై ఆరు. కర్ర పట్టుకుని లేచి నిలబడింది. "శాంతంగా కూచోమంటివి. నా రెండో కన్ను ఆరిపోతా ఉంటే ఎదురుగా కూచుని అంకెలు రాసుకుంటన్నావా? నువ్వూ ఒక తల్లి కన్న బిడ్డవేనా?"

నూట అరవై మూడు.

"సరిపోలినది" అని వైదేహి గారు పలకలో రాసుకున్నారు. గరుడాచలం గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు ఐదో నక్షత్రానివి. ధ్రువపత్రం నేనే రాశాను, అధికారి గారి నీలం పెన్నుతో. "సదరు వేముల నాంచారమ్మ నూట యాభై వాట్లకు తగ్గకుండా సజీవురాలై యున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." ఆమె కాగితం అందుకుని, నా వైపు తిరగకుండా, ఏసోబు భుజం పట్టుకుని వెళ్ళింది. బస్సు రెండు నిమిషాలు ఆగిందని తరవాత తెలిసింది. ఏసోబు దాని ముందు అడ్డంగా నిలబడ్డాడట.

సోమవారం నాకు మెమో వచ్చింది. మనిషిని చంపినందుకు కాదు. నీలం సిరా అయిపోయిన విషయాన్ని సకాలంలో పై అధికారుల దృష్టికి తేకుండా, ఎర్ర సిరాను అనుమతి లేకుండా వినియోగించినందుకు. సంజాయిషీ రాసిచ్చాను. అది ఇప్పటికీ పరిశీలనలో ఉంది. ఇన్నేళ్ళూ దీనికా నేను భయపడింది అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్రశంసాపత్రం వచ్చాక వారానికి, ఒక మధ్యాహ్నం, గుమ్మంలో కర్ర చప్పుడు వినిపించింది. లిఫ్టు మళ్ళీ ఆపేశారు గనక మలుపు మలుపుకీ కూర్చుంటూ ఎక్కి వచ్చిందట. నల్లకళ్ళద్దాలు, చేతిలో కాగితం పొట్లం. తెర మీద తొంభై ఐదు. లోపల ఖాళీ కూడా ఉంది. వెళ్ళండి మామ్మా అన్నాను, తల ఎత్తకుండానే.

ఆమె వెళ్ళలేదు. అద్దాలు తీసి, వంగి, నా మొహం చాలాసేపు చూసింది.

"కనపడతన్నావయ్యా" అంది. "పాపిష్టి మొహం ఏమో అనుకుంటా వచ్చా. మామూలు మొహమే. అందుకే ఆ పని ఎట్టా చేశావో నాకు అర్థం కాలా."

పొట్లం నా టేబులు మీద పెట్టింది. విప్పితే గుప్పెడు ఎండు మిరపకాయలు, వాటి మీద ఒక నీలం పెన్ను.

"ఈసారి సిరా అయిపోతే నాకు కబురంపు" అని, అద్దాలు పెట్టుకుని, మెట్లు దిగిపోయింది.

సాయంత్రం రిజిస్టరు ముగించే ముందు సిబ్బంది అంకెలు కూడా రాయాలి. అందరివీ రాశాను. చివర కెమెరా ముందుకి కుర్చీ జరుపుకుని నాది చూసుకున్నాను. కొత్త పెన్నుతోనే రాశాను: బసవపున్నయ్య, సీనియర్ అసిస్టెంటు, అయిదు గంటలు, నూట నలభై నాలుగు. ఆ మధ్యాహ్నం నుంచీ నేను కుర్చీలోంచి లేవలేదు.